నీళ్లతో సంబంధం లేని గీత

మా ప్రహరీ గోడ వీధి వైపు పొడవు పద్నాలుగు అడుగులు. రోడ్డు మట్టం నుంచి ఎత్తు ఏడు అడుగులు. దాని మీద నేను వేసిన చిత్రంలో తెల్లని నేపథ్యం, నాలుగు నల్లని గీతలు, మూడు రంగులు ఉన్నాయి. కుడివైపు కింది మూలన నీలం, నడిమి భాగంలో పైన ఎరుపు, ఎడమ అంచున సన్నని పసుపు పట్టీ. గీతల్లో రెండు నిలువు, రెండు అడ్డం. అడ్డగీతల్లో కిందిది గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎక్కడా తెగకుండా సాగుతుంది. రోడ్డు నుంచి దాని ఎత్తు మూడడుగుల ఒక అంగుళం. ఈ కొలతలు ముందే చెప్పడానికి కారణం ఉంది. ఈ చిత్రం గురించి మా కాలనీలో తిరుగుతున్న మాటల్లో ఒక్కటీ నిజం కాదు. కొలతలు మాత్రం నిజం.

నేను బొగ్గు గనుల సర్వే విభాగంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి మణుగూరులో రిటైరయ్యాను. ఆ ఉద్యోగంలో గీత అంటే అందం కాదు, పూచీ. కాగితం మీద గీసిన ప్రతి గీతకూ భూమి లోపల ఒక సొరంగమో, ఒక గోడో, ఒక హద్దో ఉండేది. వదిలేసిన పాత తవ్వకాల్లో నీళ్లు నిండి ఉంటాయి. వాటి హద్దు చూపే గీత పక్కకు జరిగితే కింద పనిచేసేవాళ్లు నేరుగా ఆ నీళ్లలోకే తవ్వుకుంటూ పోతారు. అందుకే ఏ గీతనైనా మూడుసార్లు సరిచూడనిదే సంతకం పెట్టేవాణ్ణి కాదు. తోటివాళ్లు నవ్వేవారు. నవ్వినవాళ్లు కూడా తమ ప్లాన్లు చివరిసారి చూసిపెట్టమని నా బల్ల దగ్గరికే తెచ్చేవారు.

ఆ రోజుల్లోనే, డ్రాయింగ్ పరికరాలు అమ్మే కంపెనీవాళ్లు ఇచ్చిన గోడ క్యాలెండరులో ఒక బొమ్మ చూశాను. తెల్లని కాగితం, కొన్ని నల్ల గీతలు, ఒక ఎర్ర చతురస్రం, ఒక నీలం ముక్క, ఒక పసుపు ముక్క. అంతే. స్కేలు ఎంతో లేదు. ఉత్తరం ఎటో చూపే బాణం లేదు. ఏ గీత దేనికి గుర్తో చెప్పే పట్టిక లేదు. మొదట నాకు కోపం వచ్చింది. ఇంత శ్రద్ధగా, ఇంత శుభ్రంగా గీసి, ఏమి గీశారో చెప్పకుండా వదిలేస్తారా అనుకున్నాను. నెల మారాక ఆ కాగితాన్ని చించి పారేయవలసింది. చించి, నా సొరుగులో పెట్టుకున్నాను. ఉద్యోగంలో ఉన్నంతకాలం అప్పుడప్పుడూ తీసి చూసేవాణ్ణి. ఆ గీతలకు ఎవరి ప్రాణంతోనూ సంబంధం లేదు. పక్క గీతకు జవాబు చెప్పుకుంటే చాలు. అలాంటి గీత ఒక్కటి, ఉద్యోగం అయిపోయాక, నా చేత్తో గీయాలని అప్పుడే అనుకున్నాను.

రెండు వేల ఇరవై రెండు జులైలో గోదావరికి పెద్ద వరద వచ్చింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం డెబ్భై ఒక్క అడుగులు దాటింది. ఆ మరుసటి ఏడు భద్రాచలంలోనే, కరకట్ట లోపలి కాలనీలో ఈ ఇల్లు కొన్నాం. అమ్మినవారు వరద భయంతో అమ్మారు. నేను మట్టాలు కొలుచుకుని, మేడ మీద ఒక గది ఉందని చూసుకుని కొన్నాను. ఆ గదిలో ప్లైవుడ్ ముక్కల మీద బొమ్మలు వేయడం మొదలుపెట్టాను. నా భార్య వాటిని ఒక్కొక్కటే చూసి, "కిటికీలు బాగున్నయ్. తలుపు ఎప్పుడు పెడతరు?" అని అడిగేది.

ఈ ఊళ్లో ఒక అలవాటు ఉంది. వరద తీసేశాక ఇంటి గోడ మీద నీళ్లు ఎంతవరకు వచ్చాయో అక్కడ పెయింటుతో ఒక అడ్డగీత గీసి, పక్కన సంవత్సరం వేస్తారు. ఇల్లు కిరాయికి అడిగేవాళ్లు గదులు ఎన్ని, నల్లా ఉందా అని అడగడానికి ముందే, "నీళ్లు ఎందాక వస్తయ్?" అని అడుగుతారు. ఓనరు గోడ మీది గీత చూపిస్తాడు. మేం కొన్న ఇంటి ప్రహరీ గోడ మీద కూడా అలాంటి గీత ఉండేది. గోడ పెచ్చులూడి ఉన్నందున మొత్తం చెక్కించి కొత్తగా ప్లాస్టరింగ్ చేయించాను. చెక్కించే ముందు ఆ గీత ఎత్తు కొలిచాను. రోడ్డు నుంచి ఐదడుగుల నాలుగు అంగుళాలు. ఆ అంకె నాకు కంఠతా ఉంది. అంకె నా దగ్గర భద్రంగా ఉన్నప్పుడు గీత గోడ మీద లేకపోతే నష్టమేమిటని అనుకున్నాను.

నున్నగా ఆరిన ఆ గోడను చూశాక ప్లైవుడ్ ముక్కల మీద మనసు నిలవలేదు.

వేసవి అంతా ఆ గోడ మీదే గడిచింది. పొద్దుటి పూట మాత్రమే పని; తొమ్మిది దాటితే గోడ కాలి, రంగు పూసినచోటే గడ్డకట్టేది. నలుపుకు అంచులు తిన్నగా రావడానికి టేపు అంటించి పూసి, ఆరీ ఆరకముందే ఊడదీయాలి. పసుపు ఒక పూతతో నిలవదు, కింది తెలుపు తొంగిచూస్తుంది. అవన్నీ చేతి పనులు, ఓపిక ఉంటే వస్తాయి. నన్ను సతాయించినది వేరే. ఎరుపు పక్కనున్న తెల్లని గడినీ, నీలం మీదున్న తెల్లని గడినీ టేపు పట్టి సమానంగా గీశాను. వీధి అవతల నిలబడి చూస్తే ఎరుపు పక్కది చిన్నదిగా కనిపించింది. మళ్లీ కొలిచాను, సమానమే. మళ్లీ అవతలికి వెళ్లి చూశాను, చిన్నదే. టేపు అబద్ధం చెప్పదు. అయినా కన్ను ఒప్పుకోలేదు. చివరికి ముప్పావు అంగుళం కంటికి వదులుకున్నాను. కొలతను కాదని నేను తీసుకున్న నిర్ణయం నా జీవితంలో అదొక్కటే. గీత జరిపిన రోజున గోడ మొత్తం ఒక్కసారిగా కుదురుకున్నట్టయింది.

అడ్డగీతలకు మట్టం పట్టడానికి మేస్త్రీలు వాడే లెవెల్ పైపు వాడాను. పారదర్శకంగా ఉండే సన్నని పైపులో నీళ్లు నింపి, ఒక కొస ఇక్కడా ఒక కొస అక్కడా పట్టుకుంటే రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే ఎత్తున నిలుస్తాయి. అక్కడ గుర్తు పెడితే గీత వెంట్రుకవాసి కూడా వంగదు. రెండో కొస నా భార్య పట్టుకునేది. వచ్చేపోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు.

"ఏ పార్టీ రంగులు సారూ ఇవి?" అని కూరగాయల బండి అతను అడిగాడు. "ముగ్గురు గిట్ల కలిసిండ్రా ఏంది?"

"పార్టీ కాదు. బొమ్మ," అన్నాను.

"బొమ్మ ఇంక ఏస్తరా?"

"వేసేశాను."

అతను గోడనీ నన్నూ నా భార్యనీ చూశాడు. "అమ్మా, సార్‌కు ఎండ తగలనియ్యకుండ్రి," అని ఆమెకు చెప్పి బండి తోసుకుంటూ వెళ్లాడు.

ఇవన్నీ నవ్వి ఊరుకోదగినవే. అసలు చిక్కు ఎదురింటిలోకి టైలరమ్మ వచ్చాక మొదలైంది.

ఎదురిల్లు ఖమ్మంలో ఉండే ఒక వ్యాపారిది. వరదనాడు ఆయన ఇక్కడ లేడు. ఇల్లు కడిగించి, లోపలా బయటా సున్నం వేయించి కిరాయికి ఇస్తుంటాడు. వీధి వైపు గదిని, చండ్రుగొండ నుంచి వచ్చిన ఒక ఆవిడ కుట్టు మిషన్ల కోసం తీసుకుంది. ముప్పై అయిదేళ్లుంటాయి. రెండు మోటారు మిషన్లు, అంచులు కుట్టే మిషను ఒకటి. ఆమె చేతి పనికి పేరుంది. వచ్చిన కొద్ది వారాలకే పెళ్లి బ్లౌజులు చేతినిండా వచ్చాయి. శ్రావణంలో ముహూర్తాలు కనుక ఆషాఢమంతా ఆ గదిలో దీపం ఆరేది కాదు. ఇతరుల పట్టుచీరలు, ఇతరుల జరీ గుడ్డలు మూటలు మూటలుగా అక్కడే ఉండేవి. అవి తడిస్తే ఆమె ఈ ఊళ్లో మళ్లీ సూది పట్టనక్కర్లేదు.

వానలు పట్టాక గోదావరి పెరగడం మొదలైంది. ఇక్కడ నది నలభై మూడు అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, నలభై ఎనిమిదికి రెండోది, యాభై మూడుకు మూడోది. కానీ కరకట్ట లోపలివాళ్లకు ఆ లెక్క నేరుగా పనికిరాదు. నది పెరిగితే ఆ నీళ్లు లోపలికి రాకుండా కట్టకున్న తూముల గేట్లు, స్లూయిస్ గేట్లు, మూసేస్తారు. అప్పుడు ఊరి మీద కురిసిన వాన నీరు బయటికి పోయే దారి లేక వెనక్కి తన్నుతుంది. మోటార్లు పెట్టి తోడతారు. అవి చాలకపోతే నీళ్లు వీధుల్లోకి వస్తాయి. మొదటి హెచ్చరిక దాటిన పొద్దున వీధిలో చాలామంది సామాను మేడల మీదికి ఎక్కించుకోవడం మొదలుపెట్టారు. టైలరమ్మ మాత్రం తలుపు తెరుచుకుని నింపాదిగా మిషను తొక్కుతూ కూర్చుంది. చూసి ఊరుకోలేక వెళ్లాను.

"ఏమమ్మా, సామాను కదిలించవా?"

"ఎందుకు సార్? అరుగు కట్టిచ్చుకున్న గద." గోడ వెంట పొడవునా కొత్తగా కట్టిన సిమెంటు అరుగు చూపించింది. గుడ్డల మూటలన్నీ దాని మీదే ఉన్నాయి. "నీళ్లొస్తే మిషన్లు గూడ దీని మీదికే ఎక్కిస్త. మీ గీత కంటే ఐదు ఇంచులు ఎక్కువే పెట్టిచ్చిన."

"నా గీతా?"

"అవ్ సార్. మీ గోడ మీది నల్లగీత. రూమ్ తీస్కునేటప్పుడే ఓనర్ సార్ చెప్పిండు, నీళ్లు అందాకనే వస్తయని."

అది నీళ్ల గీత కాదనీ, రెండు వేల ఇరవై రెండు వరదలో ఈ వీధిలో నీళ్లు ఐదడుగుల నాలుగు అంగుళాల దాకా వచ్చాయనీ, ఆమె అరుగు ఎత్తు రోడ్డు నుంచి మూడున్నర అడుగులేననీ, అలాంటి నీళ్లే మళ్లీ వస్తే అరుగు మీద ఉన్నవన్నీ దాదాపు రెండడుగుల లోతులో మునుగుతాయనీ చెప్పాను. అంకెలు వరసగా, తొందరపడకుండా చెప్పాను. ఆమె దారం కొరికి, నా మాట అయ్యేదాకా మర్యాదగా విన్నది.

"మరి ఆ గీత ఏంది సార్?"

"బొమ్మలో గీత."

"బొమ్మ ఏది?"

"ఆ మొత్తం బొమ్మే."

ఆమె గుమ్మంలోంచి వంగి గోడను చూసింది. "నీలం నీళ్లు. నల్లది నీళ్లొచ్చిన గుర్తు. ఎర్రది డేంజర్. పసుపు జాగ్రత్త. చదువు రానోళ్లకు గూడ సమజైతట్టు ఏసిన్రు. మా పక్కింటి ముసలమ్మ గూడ చూసి చెప్పింది సార్."

"అలా అర్థం చేసుకోవడానికి వేసింది కాదమ్మా. నీలానికి, నీళ్లకు సంబంధం లేదు. ఊరకే గీశాను."

"ఊకె గీసేటోళ్లు నీళ్ల పైపు పెట్టి గీస్తరా?" అన్నది. గొంతులో వెటకారం లేదు, నిజంగానే అడిగింది. "మీరు అమ్మ ఆ కొస ఈ కొస పట్టి లెవల్ జూసుడు కాలనీ మొత్తం జూసిందంట. పైపు పట్టి గీసింది నీళ్ల గీత కాకపోతే ఇంకేంది సార్?"

టేపు తెచ్చి ఆమె గది గోడ మీదే ఐదడుగుల నాలుగు అంగుళాలు ఎక్కడికొస్తుందో చూపించాను. కొత్త సున్నం మీద నా వేలు తప్ప ఏమీ కనిపించలేదు. ఆమె ఆ చోటునూ, వీధి అవతల గోడ మీద నల్లగా, తిన్నగా, తెగకుండా ఉన్న గీతనూ మార్చి మార్చి చూసింది. రెండింటిలో ఏది నమ్మదగినదిగా ఉందో నాకే తెలుస్తోంది. వేసవి అంతా ఆ నమ్మకం కోసమే కదా అంచులు దిద్దాను.

ఆమె ఫోన్ తీసి ఓనరుకు కలిపి, స్పీకరు పెట్టింది. "సార్, ఆ ఎదురింటి గీత నీళ్ల గీత కాదంటున్నరు."

"ఎవరమ్మా అన్నది? ఆ ఇంటాయన ఎవరనుకున్నవ్? గనుల్ల సర్వే చేసిన సారు. ఆయన గీసిండంటే ఇంచు తప్పదు."

"ఆ మాట అంటున్నది నేనే," అన్నాను.

"ఓ, నమస్తే సార్! మంచిగున్నరా? మీ గీతే చెప్పిన సార్ వాళ్లకు. ఎవరొచ్చినా అదే చెప్తున్న."

"అది బొమ్మ."

"బొమ్మంటే?"

"చిత్రం. పెయింటింగ్."

"సార్, నేను కూడ చూసిన కద. అందుల బొమ్మ యాడుంది? చెట్టు లేదు, పిట్ట లేదు, దేవుడు లేడు. మీరు ఊకె పరాచికాలాడుతున్నరు. అమ్మా, నువ్వేం ఫికర్ పెట్టుకోకు."

ఫోన్ పెట్టేశాడు. ఆమె నావైపు జాలిగా చూసి మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాను. ముప్పై ఏళ్లకు పైగా నేను చెప్పిన అంకె మీద మనుషులు భూమి లోపలికి దిగారు. అదే అంకెను రోడ్డు అవతలికి, ఇరవై అడుగుల దూరం మోయలేకపోయాను. జరిగినదంతా విని నా భార్య, "ఆ అంకె ఉన్న గీతను గొడ్డలి పెట్టి చెక్కిచ్చింది మీరే కదా," అన్నది.

"గొడ్డలి కాదు, ఉలి. పైగా కొలుచుకున్నాకే చెక్కించాను."

"కొలిచి ఏడ పెట్టుకున్నరు? మీ తలల. మీ తల ఏమన్న వీధిల నిలబెట్టిన్రా, వచ్చేటోళ్లు పోయేటోళ్లు చూడనీకి?"

సాయంత్రానికి రెండో హెచ్చరిక వచ్చింది. గేట్లు మూశారనీ, మోటార్లు నడుస్తున్నాయనీ వీధిలో చెప్పుకున్నారు. వాన ఆగలేదు. ఎదురుగా మిషను చప్పుడూ ఆగలేదు. ఇక చేయవలసిందేమిటో నాకు తెలుసు. తెలిసి, ఎరుపు ముందు గొడుగు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఐదడుగుల నాలుగు అంగుళాలు ఆ ఎరుపు లోంచి పోతుంది. అంచున కాదు, మధ్యన కూడా కాదు, కింది నుంచి మూడో వంతు దగ్గర. చిత్రం తెలిసినవాడెవడూ గీత పెట్టని చోటు అది. అక్కడ గీత పడితే ఎరుపు రెండు ముక్కలవుతుంది, దాని బరువు పోతుంది, బరువు పోతే దానికి తూకంగా నిలబెట్టిన నీలం, పసుపు రెండూ దిక్కులేనివవుతాయి. ముప్పావు అంగుళం కోసం వారం రోజులు వీధి దాటిన మనిషిని నేను.

"పైపు తేనా?" అని లోపల్నుంచి నా భార్య అడిగింది.

ఆమె ఒక కొస పట్టుకుంది. వానలో తడుస్తూ మట్టం పట్టాం. తడిగోడ మీద రంగు నిలవదు కనుక ముందు గుడ్డతో తుడిచి, నా భార్య గొడుగు అడ్డం పట్టగా, రెండంగుళాల బ్రష్షుతో ఎరుపు మీద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తెల్ల ఎనామిల్ పూశాను. టేపు అంటలేదు. అంచులు వణికాయి. నా చేతి నుంచి అంత వికారమైన గీత ఎన్నడూ వచ్చి ఉండదు. కొసన, ఎరుపు మీద, సంవత్సరం వేశాను. 2022. అంకెల మీది నుంచి రంగు కిందికి కారింది.

గీత పూర్తికాకముందే ఎదురుగా మిషను ఆగింది. టైలరమ్మ గుమ్మంలోకి వచ్చి చూసింది. తలమీద చెంగు కప్పుకుని రోడ్డు దాటి వచ్చి, గోడను ఆనుకుని నిలబడింది. గీత ఆమె నెత్తి కంటే పైన ఉంది.

"ఇదా సార్?"

"ఇదే."

"నిజంగ?"

"పొద్దున చెప్పిన అంకె ఇదే కదమ్మా."

"పొద్దున మీరు చెప్పిన్రు సార్," అన్నది. "ఇప్పుడు గీసిన్రు."

అటునుంచి అటే వెనక్కి పరుగెత్తింది. సామాను ఎక్కడికి చేర్చాలో ఆమెకు తోచలేదు. ఊళ్లో అయినవాళ్లెవరూ లేరు. నా భార్య మేడ మీది గది తాళం తీసింది. పక్కింటివాళ్లు ఇద్దరు చేయి వేశారు. మిషన్లు, మోటార్లు, చీరల మూటలు అన్నీ పైకి చేరాయి. నా ప్లైవుడ్ బొమ్మలు, రంగుల డబ్బాలు మెట్ల కిందికి దిగాయి. అందులో రెండు బొమ్మలు ఇంకా ఆరలేదు. ఒకదాని మీద ఎవరిదో అరచేయి పడింది.

వరద మూడో హెచ్చరిక దాకా రాలేదు. వీధిలోకి నీళ్లు వచ్చాయి. టైలరమ్మ గది మెట్టును తడిపి, గడప దాటకుండా నిలిచి, నది తీయడంతో అవీ తీసేశాయి. ఆమె అరుగు మీదికి కాదు కదా, ఆమె గది నేల మీదికి కూడా చుక్క రాలేదు.

అది మంచివార్త. కానీ ఆ మంచివార్త మా ఇంట్లోకి వచ్చిన తీరు వేరు. చీరలిచ్చినవాళ్లు గది ఖాళీగా ఉండటం చూసి, బెదిరి, వెతుక్కుంటూ మా మేడ ఎక్కారు. "నీళ్లొచ్చే జాగల మా పట్టుచీర పెట్టినవా తల్లీ?" అని ఒకావిడ మా మెట్ల మీదే నిలబడి నిలదీసింది. ఇద్దరు ముగ్గురు కుట్టని గుడ్డలు కుట్టనట్టే పట్టుకుపోయారు. ఆ సాయంత్రం టైలరమ్మ కిందికి వచ్చి, మా అరుగు మీద కూర్చుని ఉన్న నన్ను చూసి నిలబడింది.

"ఆ తెల్లగీత ముందుగాలనే గీసి ఉంటే నేను ఈ రూమే తీస్కోకపోదును సార్," అన్నది. "లేకుంటే గీయకుండన్న ఉండాల్సింది. నా గిరాకీ నాకు ఉండేది."

"ముందే నన్ను అడిగి ఉండాల్సిందమ్మా."

"అడిగేదేముంది సార్? గోడ మీద పెట్టిన్రు గద."

కోపంగా అన్నది కాదు. అలసిపోయి అన్నది. బొమ్మకు, గుర్తుకు తేడా ఏమిటో, పోయిన గిరాకీని లెక్కించుకుంటున్న మనిషికి చెప్పడం ఎలాగో నాకు ఈనాటికీ తెలియదు. అందుకే నాకు విసుగు. ఆమె మీద కాదు. ఆమె తప్పు చేసిందని వేలు పెట్టి చూపడానికి ఒక్కచోటు దొరకదు. ఈ ఊళ్లో గోడ మీద అడ్డగీత అంటే నీళ్లు. ఆమె చదివిన చదువు సరైనదే. నేను గీసినది కూడా సరైనదే. రెండు సరైనవి కలిసి ఒక మనిషి బతుకును నీళ్లలో ముంచబోయాయి. ఎక్కడో ఒకచోట లెక్క తప్పితే దిద్దుకోవచ్చు. ఎక్కడా తప్పనప్పుడు దేన్ని దిద్దుకోవాలి?

నీళ్లు తీశాక ఆమె ఎదురింటికి తిరిగి వెళ్లలేదు. మేడ మీది గదినే కిరాయికి ఇమ్మని నా భార్యను అడిగింది. నేను ఆలోచించి చెబుతాననేలోగా నా భార్య సరేనన్నది. "బొమ్మలు మెట్ల కింద కూడ ఏసుకోవచ్చు," అని నాతో అన్నది. "పట్టుచీరలు మెట్ల కింద పెట్టలేరు కదండీ." ఇందులోనూ వేలు పెట్టి చూపడానికి తప్పు దొరకలేదు. ఇప్పుడు పొద్దుటి నుంచి చీకటి పడేదాకా నా తల మీద మూడు మిషన్లు ఒకదాని తర్వాత ఒకటి తిరుగుతాయి. గిరాకీ కొంత తిరిగి వచ్చింది. మేడ మీద టైలరు అంటే నీళ్ల భయం లేదని కొత్తవాళ్లు కూడా వస్తున్నారట.

దసరా వెళ్లాక గోడ ఎండింది. చిత్రాన్ని బతికించడానికి దారి ఉందా అని మళ్లీ నిచ్చెన వేశాను. తెల్లగీతను తీయకూడదు, అది నిజం. కనుక దాన్ని కదలని గీతగా ఉంచి, మిగిలినవన్నీ దాని చుట్టూ జరపాలి. మొదట దాని అంచులు దిద్దాను. ఎరుపు కింది అంచును, దాని కిందనున్న నల్లగీతతో సహా, తెల్లగీత దాకా పైకి ఎత్తాను. ఎత్తగానే ఎరుపు సన్నబడి, కింద నీలం బరువెక్కింది. నీలాన్ని తగ్గిస్తే ఎడమన పసుపు ఒంటరిదయింది. ఒక గీతను ఒప్పించేసరికి రెండోది అలుగుతుంది. ఇంతవరకూ కుదరలేదు.

ఆ పని మధ్యలో ఉండగానే ఎదురింటి గది చూడటానికి భార్యాభర్తలిద్దరు బండి మీద వచ్చారు. భర్త హెల్మెట్ తీసి నేరుగా నా గోడ వైపు చూశాడు. "నీళ్లు ఎందాక వస్తయ్ సార్?" అని అడిగాడు. నా చేతిలో బ్రష్షు ఉంది. తెల్లగీత చూపించాను. అతని భార్య గోడ దగ్గరికి వచ్చి తన ఎత్తుతో చూసుకుని, భర్తతో ఏదో గొణిగింది. ఇద్దరూ గది తలుపు కూడా తీయించకుండానే వెళ్లిపోయారు. ఆ వారంలో ఇంకో ఇద్దరు అలాగే వచ్చి అలాగే వెళ్లారు.

ఎదురింటి ఓనరు ఖమ్మం నుంచి ఫోన్ చేశాడు. ఈసారి నమస్తే చెప్పడం కూడా తొందరగా చెప్పాడు.

"సార్, నా రూమ్ ఖాళీ పడి ఉంది. ఎవరొచ్చినా మీ గోడ చూసి వాపస్ పోతున్నరు. దయచేసి ఆ తెల్లగీత తుడిపేయుండ్రి."

"ఎందుకు తుడవాలి?"

"ఉత్త బొమ్మే కద సార్ అది. మీరే చెప్పిన్రు కద ఆ దినం, పెయింటింగ్ అని. బొమ్మల ఒక గీత పోతే ఏం పోతది?"

వేసవి నుంచీ ఈ కాలనీలో ఆ చిత్రాన్ని బొమ్మ అన్న మొదటి మనిషి ఆయనే. మేడ మీద మిషను గట్టిగా తిరుగుతోంది. ఆయనకు వినబడదేమోనని ప్రతి మాటా విడివిడిగా, గట్టిగా చెప్పాను.

"అది బొమ్మ కాదండీ. నీళ్ల గీత. తుడవను."

ఫోన్ పెట్టేశాక బ్రష్షు కడిగి లోపలికి వచ్చాను. ఆ మాట నా నోటినుంచే వచ్చినందుకు ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు.